గట్టు వేసినవాళ్లు, దాటినవాడు

2019 మార్చిలో అమెరికాలోని బిల్‌బోర్డ్ పత్రిక తన కంట్రీ పాటల చార్టులో 19వ స్థానంలోకి వచ్చిన ఒక పాటను అక్కడినుంచి తీసేసింది. పాట పేరు ‘ఓల్డ్ టౌన్ రోడ్’, నిడివి రెండు నిమిషాలు కూడా లేదు. పాడినవాడు ఇరవయ్యేళ్లు ఇంకా నిండని అట్లాంటా కుర్రాడు. అసలు పేరు మాంటెరో లమార్ హిల్, పెట్టుకున్న పేరు లిల్ నాస్ ఎక్స్. గుర్రాల ప్రస్తావనా కౌబాయ్ వేషమూ ఉన్నా, ఈనాటి కంట్రీ సంగీతానికి ఉండాల్సిన లక్షణాలు ఆ పాటలో చాలినన్ని లేవని పత్రిక సంజాయిషీ ఇచ్చింది. తీసేసిన పాట ఊరుకోలేదు. అన్ని రకాల పాటలూ కలిసి పోటీపడే హాట్ 100 చార్టులో ఏప్రిల్‌లో మొదటి స్థానానికి ఎక్కి, 19 వారాలు దిగలేదు. 1958లో ఆ చార్టు మొదలైనప్పటినుంచి అప్పటిదాకా ఏ పాటా అంతకాలం నిలవలేదు. అంతకుముందున్న 16 వారాల రికార్డును మరియా కేరీ, బాయ్స్ టు మెన్ కలిసి పాడిన 1990ల పాటా, 2017 నాటి ‘డెస్పసీటో’ పంచుకుంటుండేవి. ర్యాప్ పొలంలో పుట్టినవాడు గట్టు దాటి కంట్రీ పొలంలోకి దిగాడని, అందుకే గొడవ అయిందని ఈ కథను అందరూ చెబుతారు. వినడానికి బాగానే ఉంది గానీ, గట్టు ముందునుంచీ అక్కడే ఉన్నట్టు ఒప్పేసుకోవడంలోనే పొరపాటు ఉంది. ఆ గట్టు సంగీతంలోంచి పుట్టలేదు. 1920లలో రికార్డులు అమ్మినవాళ్లు తమ సౌకర్యం కోసం వేశారు. తర్వాతి వందేళ్లూ దానికి కాపలా కాస్తూ వచ్చింది పాట పోకడ కాదు, వ్యాపారపు వాకిలి. అది ఎవరికి తెరుచుకుంటుందో, ఎవరికి తెరుచుకోదో లిల్ నాస్ ఎక్స్ బతుకుబాట చూపించినంత తేటగా ఇటీవల మరొకటి చూపించలేదు.

గట్టుకు పునాది పడిన చోట్లలో ఒకటి అతను పెరిగిన అట్లాంటాయే. 1923 జూన్‌లో ఓకే రికార్డు కంపెనీ తరఫున రాల్ఫ్ పీర్ న్యూయార్క్ నుంచి యంత్రాలు మోయించుకుని ఆ ఊరు వచ్చాడు. పిలిపించినవాడు పోల్క్ బ్రాక్‌మన్. అతనిది ఫర్నిచర్ కొట్టు; ఆ రోజుల్లో గ్రామఫోన్ కూడా ఫర్నిచరే కనుక రికార్డులూ అక్కడే అమ్మేవారు. నల్లజాతి వాళ్లు తమ గొంతు ఉన్న రికార్డు కోసం డబ్బు పెడతారని 1920లో మేమీ స్మిత్ పాడిన ‘క్రేజీ బ్లూస్’ రుజువు చేశాక, ఆ సరుకుతో బాగా లాభపడిన వ్యాపారి బ్రాక్‌మన్. ఇప్పుడు తెల్లజాతి పల్లెటూరివాళ్లకూ అలాంటిదేదో అమ్మవచ్చు కదా అని అతనికి తోచింది. నాసా వీధిలో 152వ నంబరు భవనంలో తాత్కాలికంగా స్టూడియో కట్టారు. అక్కడ ఫిడ్లిన్ జాన్ కార్సన్ అనే పెద్దాయన ఫిడేలు వాయిస్తూ పాడాడు. ఆ పాట పీర్‌కు అసలు నచ్చలేదు. బ్రాక్‌మన్ పట్టుబట్టి 500 ప్రతులు తనకోసం వేయించుకున్నాడు, అవి చిటికెలో అమ్ముడుపోయాయి. కంట్రీ సంగీతపు తొలి విజయంగా చరిత్రకారులు ఎక్కువగా లెక్కించేది ఈ రికార్డునే. ఆ చరిత్రలో తరచూ ఒక మూలకు పడిపోయే సంగతి ఇంకొకటుంది. అదే ప్రయాణంలో, అదే అట్లాంటాలో, పీర్ లూసిల్ బోగన్ అనే నల్లజాతి గాయని చేత బ్లూస్ పాడించి రికార్డు చేశాడు. న్యూయార్క్, షికాగోలు దాటి బయట రికార్డయిన తొలి బ్లూస్ పాటల్లో అదొకటి. కంపెనీ ఒకటే, యంత్రం ఒకటే, ఊరు ఒకటే. న్యూయార్క్ చేరాక రెండూ రెండు దారులు పట్టాయి. ఆ నాసా వీధి భవనాన్ని ఒక రిసార్టు కోసం 2019లో కూల్చేశారు. ‘ఓల్డ్ టౌన్ రోడ్’ రికార్డులు బద్దలు కొడుతున్న సంవత్సరమూ అదే కావడం కాకతాళీయం. చరిత్రకు అప్పుడప్పుడు ఇలాంటి వెటకారం ఉంటుంది.

వేరు చేయడం ఎంత మొండిగా సాగిందో కేటలాగులు చూస్తే తెలుస్తుంది. ఓకే కంపెనీ 1921లోనే నల్లజాతివారి రికార్డులకు 8000 నుంచి నంబర్లు వేయడం మొదలుపెట్టింది. 1925లో తెల్లజాతి పల్లెపాటలకు 45000తో మొదలయ్యే మరో వరస తెరిచింది. కొలంబియా కంపెనీకి 14000 వరస ఒకరిది, 15000 వరస మరొకరిది. మొదటి రకాన్ని ‘రేస్ రికార్డులు’ అన్నారు, రెండోదాన్ని ‘హిల్‌బిలీ’ అన్నారు. ఏ పాట ఏ వరసలోకి పోవాలో తేల్చింది రాగమో తాళమో కాదు, పాడినవాడి ఒంటి రంగు. అది కూడా అన్నివేళలా సరిగ్గా కుదరలేదు. చటనూగాకు చెందిన తెల్లవాళ్లు ఆలెన్ సోదరులు బ్లూస్ ఎంత సహజంగా పాడారంటే, 1927లో కొలంబియా వాళ్ల రికార్డును రేస్ వరసలో విడుదల చేసేసింది. సోదరులు మండిపడి, దావా వేస్తామని బెదిరించి, విక్టర్ కంపెనీకి మారిపోయారు. వినికిడితో రంగు తేల్చలేమన్న సంగతి కంపెనీ గుమాస్తాలే ఇలా రుజువు చేశారన్నమాట. కార్ల్ హాగ్‌స్ట్రోమ్ మిల్లర్ అనే చరిత్రకారుడు 2010లో ప్రచురించిన తన పుస్తకంలో ఈ క్రమాన్నంతా తవ్వి తీశాడు. దక్షిణాదిలో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ అప్పటికి ఒకే మూటలోని పాటలు పాడుతుండేవారని, కంపెనీలూ జానపద పరిశోధకులూ కలిసి ఆ మూటను రెండుగా చీల్చారని ఆయన వాదం. నల్లజాతి ఫిడేలు బృందాలు ఉండేవి, 1930 ప్రాంతంలో పేరు తెచ్చుకున్న మిసిసిపీ షీక్స్ అలాంటిదే. కానీ నల్లవాళ్లు స్టూడియోకు వస్తే అడిగింది ఎక్కువగా బ్లూసే. ఫిడేలు పాటలు వాయించేవాళ్లున్నా రికార్డు చేయకపోవడం వల్ల, ఆ పాటలు అసలు వాళ్లవి కావన్న నమ్మకం తర్వాతి తరాలకు స్థిరపడింది. కంట్రీ సంగీతానికి గుర్తుగా చెలామణీ అయ్యే బాంజో పుట్టుక కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. పశ్చిమాఫ్రికా తీగవాద్యాల సంప్రదాయాన్ని వెంట తెచ్చుకున్న బానిసలు కరీబియన్ దీవుల్లోనూ అమెరికాలోనూ తయారుచేసుకున్న వాద్యమది.

వేరు చేసిన తర్వాత కూడా లోపలి రాకపోకలు ఆగలేదు, ఆగింది వాటి గుర్తింపు. కంట్రీ వ్యాపారానికి తర్వాత కేంద్రమైన నాష్‌విల్ ఊరి రేడియోలో గ్రాండ్ ఓల్ ఓప్రీ కార్యక్రమానికి తొలినాళ్ల తారల్లో డీఫోర్డ్ బెయిలీ ఒకడు. 1899లో పుట్టిన నల్లజాతి హార్మోనికా విద్వాంసుడు. 1928లో 52 వారాల్లో 49 వారాలు ఆయన ఆ వేదికమీద వాయించాడు. ఆ ఏడాది మరెవరూ అన్నిసార్లు కనిపించలేదు. రైలు కూతను హార్మోనికాలో పలికించడం ఆయన ప్రత్యేకత. ఊళ్లు తిరిగి కచేరీలు చేసేటప్పుడు మాత్రం తోటి కళాకారులు దిగిన హోటళ్లలో ఆయనకు గది దొరికేది కాదు. 1941లో ఓప్రీ ఆయన్ను తీసేసింది. రేడియోలకూ పాటల హక్కుల సంస్థకూ తగాదా వచ్చి పాత పాటలు వాయించకూడదన్న నిబంధన నేపథ్యమైతే, కొత్తవి నేర్చుకోలేదన్నది సాకు. ఆ తర్వాత నాష్‌విల్‌లోనే బూట్లు పాలిష్ చేసే దుకాణం నడుపుకుంటూ బతికాడు. కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఆయన గుర్తొచ్చింది 2005లో, చనిపోయిన 23 ఏళ్లకు. హాంక్ విలియమ్స్‌కు చిన్ననాట గిటారు నేర్పింది రూఫస్ పేన్ అనే నల్లజాతి వీధి గాయకుడు. కార్టర్ కుటుంబం కొండల్లో పాటలు సేకరించేటప్పుడు బాణీలను బుర్రలో పెట్టుకుని వెంట వచ్చింది నల్లజాతి గిటారిస్టు లెస్లీ రిడిల్. ‘కంట్రీ సంగీత పితామహుడు’ జిమ్మీ రోడ్జర్స్ 1930లో ఒక పాట రికార్డు చేస్తే పక్కన ట్రంపెట్ ఊదింది నల్లజాతి జాజ్ కళాకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. ఇవేవీ దాచిన రహస్యాలు కావు. ఏ కేటలాగులోనూ వీటికి గడి లేదు, అంతే.

1949 జూన్‌లో బిల్‌బోర్డ్ తన చార్టుల పేర్లు మార్చింది. ‘రేస్ రికార్డులు’ ఇక ‘రిథమ్ అండ్ బ్లూస్’. పల్లెపాటలు ‘కంట్రీ అండ్ వెస్టర్న్’. పేర్లు మర్యాదగా మారాయి, లోపలి విభజన చెక్కుచెదరలేదు. దానికి నల్లజాతి గాయకుడు రే చార్ల్స్ అనుభవమే సాక్ష్యం. జార్జియాలో పుట్టి ఫ్లోరిడాలో పెరిగిన ఆయన చిన్నప్పటినుంచి ఓప్రీ వింటూ పెరిగాడు, కుర్రతనంలో ఒక తెల్లజాతి కంట్రీ బృందంలో పియానో వాయించాడు కూడా. 1962లో ‘మోడర్న్ సౌండ్స్ ఇన్ కంట్రీ అండ్ వెస్టర్న్ మ్యూజిక్’ అనే ఆల్బమ్ చేశాడు. పేరులోనే కంట్రీ ఉంది, పాటలన్నీ ఆ సంప్రదాయానివే. ఆల్బమ్ చార్టులో అది 14 వారాలు మొదటి స్థానంలో ఉంది. అందులోని ‘ఐ కాంట్ స్టాప్ లవింగ్ యూ’ హాట్ 100లో అయిదు వారాలు, రిథమ్ అండ్ బ్లూస్ చార్టులో పది వారాలు మొదటి స్థానాన్ని ఏలింది. కంట్రీ చార్టులో మాత్రం అడుగు కూడా పెట్టలేదు. అదే రే చార్ల్స్ 1980లలో నాష్‌విల్ నిర్మాతతో, రికార్డు కంపెనీ నాష్‌విల్ శాఖ ద్వారా పనిచేసి, విల్లీ నెల్సన్‌తో కలిసి ‘సెవెన్ స్పానిష్ ఏంజెల్స్’ పాడితే 1985లో అది కంట్రీ చార్టులో మొదటి స్థానానికి వెళ్లింది. గొంతు అదే, రంగూ అదే. మారింది వచ్చిన దారి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నదానికి ఇంతకన్నా గట్టి ఆధారం అక్కర్లేదేమో.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, న్యాయమైనదే. జాతే అడ్డమైతే నల్లజాతి గాయకుడు చార్లీ ప్రైడ్ సంగతేమిటి? మిసిసిపీలో పత్తి సాగుచేసే కుటుంబంలో పుట్టి, బేస్‌బాల్ ఆడి, ఆర్‌సీఏ కంపెనీకి పాడిన ప్రైడ్ కంట్రీ చార్టులో 30కి దగ్గరగా మొదటి స్థానాలు సాధించాడు. 1971లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఆ ఏటి మేటి కళాకారుడిగా ఆయన్నే ఎన్నుకుంది. ఇంకా దగ్గరికి వస్తే, లిల్ నాస్ ఎక్స్ పాటను తీసేసిన రోజుల్లో డేరియస్ రకర్, కేన్ బ్రౌన్ లాంటి నల్లజాతి గాయకులు నాష్‌విల్‌లో పెద్ద పేర్లే. కాబట్టి బిల్‌బోర్డ్ చేసింది నేరుగా జాతివివక్షే అని ఒక్క ముక్కలో తేల్చేయడం నాకు సమ్మతం కాదు. కానీ ప్రైడ్ ఎలా లోపలికి వచ్చాడో చూడాలి. 1966లో ఆయన తొలి రికార్డులను రేడియో స్టేషన్లకు పంపినప్పుడు కంపెనీ ఎప్పటిలా ఫోటో జత చేయలేదు. ముందు గొంతు నచ్చాలి, ముఖం తర్వాత తెలియాలి. ఆయన వెనక జాక్ క్లెమెంట్, చెట్ అట్కిన్స్ లాంటి నాష్‌విల్ దిగ్గజాలు నిలబడ్డారు. అలాంటి అండ లేని లిండా మార్టెల్ కథ వేరేగా ముగిసింది. గ్రాండ్ ఓల్ ఓప్రీలో ఒంటరిగా పాడిన తొలి నల్లజాతి మహిళ ఆమె. 1969లో ఆమె పాట కంట్రీ చార్టులో 22వ స్థానం దాకా వెళ్లింది, 1970లో ఒక ఆల్బమ్ వచ్చింది. ఆ రికార్డు కంపెనీ పేరు ప్లాంటేషన్ రికార్డ్స్! బానిసలు చాకిరీ చేసిన తోటల పేరు. కొన్నేళ్లలోనే ఆమె ఆ రంగానికి దూరమైంది. కనుక మినహాయింపులు ఉన్నాయి, అవి వాకిలి కాపలాదారు వెంట వచ్చినవాళ్లకే దక్కాయి. జాతి ఆ వాకిలి కట్టినప్పటి కొలత. కట్టినవాళ్లు పోయినా కొలత మిగిలింది.

గట్టుకు ఇటువైపు ర్యాప్ మరోలా పెరిగింది. 1973లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో జమైకా నుంచి వచ్చిన కూల్ హెర్క్ విందుల్లో వాయించిన రికార్డుల్లోంచి పుట్టిన కళ అది. దాని ముడిసరుకే పరాయి రికార్డులు. ఏ డబ్బాలో దొరికినా, ఏ జాతిదైనా, తాళం బాగున్న ముక్కను తీసి మళ్లీ మళ్లీ తిప్పడమే దాని మూలసూత్రం. 1982లో ఆఫ్రికా బంబాటా జర్మనీ బృందం క్రాఫ్ట్‌వెర్క్ బాణీ తీసుకున్నాడు. 1986లో రన్ డీఎంసీ రాక్ బృందం ఏరోస్మిత్‌తో కలిసి పాడింది. కంట్రీ వైపు కూడా చేతులు చాచారు. 2004లో నెల్లీ, టిమ్ మెక్‌గ్రాతో పాడాడు. 2005లో కౌబాయ్ ట్రాయ్ వచ్చాడు. 2017లో అట్లాంటాకే చెందిన యంగ్ థగ్ ఒక ఆల్బమ్‌లో గిటారు బాణీమీద కౌబాయ్ కేకలు వేశాడు. శైలులు కలపడాన్ని లిల్ నాస్ ఎక్స్ కనిపెట్టాడనడం అందుకే అతి. అతని వృత్తి యాభై ఏళ్లుగా చేస్తున్న పనే అతనూ చేశాడు. కలిపిన సరుకును ఎక్కడ, ఏ చీటీ అంటించి దించాడన్నదే కొత్త.

1999 ఏప్రిల్ 9న పుట్టిన అతని బాల్యం మొదట అట్లాంటా పశ్చిమాన బ్యాంక్‌హెడ్ కోర్ట్స్ అనే ప్రభుత్వ గృహసముదాయంలో గడిచింది. ఆరేళ్లప్పుడు తల్లిదండ్రులు విడిపోయారు. అమ్మ దగ్గరా ముత్తవ్వ దగ్గరా కొన్నాళ్లు పెరిగి, తొమ్మిదేళ్లప్పుడు, గాస్పెల్ పాటలు పాడే తండ్రి దగ్గరికి, ఆస్టెల్ అనే శివారు ఊరికి వెళ్లాడు. బడిలో ట్రంపెట్ నేర్చుకుని, బ్యాండులో మొదటి కుర్చీ దాకా వెళ్లి, తోటివాళ్ల దృష్టిలో చులకన అవుతానన్న భయంతో మానేశాడు. 2017లో లిథియా స్ప్రింగ్స్ హైస్కూలు ముగించి, వెస్ట్ జార్జియా విశ్వవిద్యాలయంలో ఒక సంవత్సరం చదివి, సంగీతం కోసం వదిలేశాడు. అక్క ఇంట్లో నేలమీద పడుకుంటూ, ఆమె విసుగు భరిస్తూ, ఇంటర్నెట్‌లో హాస్యపు బొమ్మలూ మాటలూ వదిలి జనాన్ని పోగేయడం నేర్చుకున్నాడు. అతనికి నిజమైన శిక్షణ అక్కడే దొరికిందని నా ఊహ. ఏ మాట ఎంత వేగంగా పాకుతుందో, దేన్ని జనం తమదిగా చేసుకుని ఆడుకుంటారో తెలిసిపోయింది. 2018 అక్టోబరు చివర బీట్‌స్టార్స్ అనే సైటులో 30 డాలర్లకు ఒక బాణీ కొన్నాడు. చేసినవాడు యంగ్‌కియో అనే డచ్ కుర్రాడు. అందులో మోగే బాంజో తీగల ముక్క నైన్ ఇంచ్ నెయిల్స్ అనే రాక్ బృందం 2008లో విడుదల చేసిన వాద్యసంగీతంలోది. కొన్న కుర్రాడికీ అమ్మిన కుర్రాడికీ మధ్య అట్లాంటిక్ సముద్రం ఉంది. అట్లాంటాలో 20 డాలర్లకు స్టూడియో దొరికే మంగళవారం చూసుకుని రికార్డు చేశాడు. డిసెంబరు 3న సొంతంగా విడుదల చేశాడు. కొన్ని వారాల్లో టిక్‌టాక్‌లో పిల్లలూ పెద్దలూ ఆ పాటకు ఒక్కసారిగా కౌబాయ్ వేషంలోకి మారిపోయే వీడియోలు చేసి గుట్టలు పోశారు.

రెండో అభ్యంతరం ఇక్కడ వస్తుంది, ఇది మరింత చురుకైనది. పాటను అప్‌లోడ్ చేసేటప్పుడు ‘కంట్రీ’ అన్న గడిలో టిక్కు పెట్టింది అతనే. ర్యాప్ చార్టులో రద్దీ ఎక్కువ, కంట్రీ చార్టులో తక్కువ. ఎక్కడ సులభంగా పైకి రావచ్చో చూసి ఎత్తు వేశాడని, దాన్ని పసిగట్టి తీసేస్తే తప్పేమిటని కొందరన్నారు. ఎత్తు వేశాడనే నేనూ అనుకుంటున్నాను. అయితే అది అతని తప్పుకు రుజువు కాదు, చీటీ స్వభావానికి రుజువు. 1923లో బ్రాక్‌మన్ 500 రికార్డులకు ఆర్డరు ఇచ్చినప్పుడు వేసింది కూడా ఎత్తే. ఒక కొనుగోలుదారుల గుంపును ఊహించుకుని, ఆ గుంపు పేరు సరుకుకు అంటించాడు. వందేళ్లు వ్యాపారి ఒక్కడికే ఉన్న ఆ అధికారం అప్‌లోడ్ ఫారం రూపంలో పాడేవాడి చేతికి వచ్చింది. వచ్చిన మొదట్లోనే ఒక నల్లజాతి కుర్రాడు దాన్ని వాడుకున్నాడు. సరిహద్దు సంగీతంలో ఉంటే టిక్కు ఎవరు పెట్టినా చెల్లకూడదు. చెల్లింది కనుకే బిల్‌బోర్డ్ మళ్లీ చేత్తో తీయాల్సి వచ్చింది.

సరే, టిక్కు సంగతి అలా ఉంచి చెవులకే పని చెబుదాం. ట్రాప్ అనే ర్యాప్ శైలి డ్రమ్ములు మోగుతున్న పాట కంట్రీ ఎలా అవుతుంది? బిల్‌బోర్డ్ వాదనలో బలమంతా ఇదే. అయితే అదే చార్టు అంతకు ముందటి రెండేళ్ల చరిత్ర చూడండి. శామ్ హంట్ 2017లో చప్పట్ల తాళంమీద సగం మాటలాగా పాడిన పాట 34 వారాలు మొదటి స్థానంలో ఉంది. ఆ తర్వాత న్యూయార్క్ పాప్ గాయని బీబీ రెక్సా, నాష్‌విల్ జంట ఫ్లోరిడా జార్జియా లైన్‌తో కలిసి పాడిన ‘మెంట్ టు బీ’ 50 వారాలు ఏలింది. బీబీ రెక్సాది పాప్ పాటేనని ఆమె అభిమానులు కూడా ఒప్పుకుంటారు. 2012 అక్టోబరులో బిల్‌బోర్డ్ లెక్కకట్టే పద్ధతి మార్చి, కంట్రీ స్టేషన్లే కాక ఇతర స్టేషన్లలో మోగినవీ, ఆన్‌లైన్‌లో విన్నవీ కలిపి లెక్కించడం మొదలుపెట్టినప్పటినుంచి ఇలాంటి పాటలకు ఆ చార్టు పుట్టినిల్లయింది. వాటిలో కంట్రీ లక్షణాలు చాలినన్ని ఉన్నాయని ఎవరు కొలిచారు? ఎవరూ కొలవలేదు, నాష్‌విల్ కంపెనీ ఆ పాటను తనదని చెప్పింది, కంట్రీ రేడియో వేసింది, లెక్క తేలిపోయింది. ‘ఓల్డ్ టౌన్ రోడ్’ వెనక మార్చి మొదట్లో ఏ నాష్‌విల్ ఆఫీసూ లేదు. దాన్ని కొనుక్కున్న కొలంబియా కంపెనీది న్యూయార్క్. కొలతబద్ద ఒక్కరికే తీశారన్నదే నా అభ్యంతరం. అందరికీ తీసి ఉంటే ఆ చార్టులో సగం ఖాళీ అయ్యేది.

తర్వాత జరిగింది ఈ మాటను ఇంకా బలపరుస్తుంది. ఏప్రిల్ 5న బిల్లీ రే సైరస్ గొంతు కలిపి రీమిక్స్ విడుదలైంది. 1992లో ‘ఏకీ బ్రేకీ హార్ట్’తో ఊగించి, నాష్‌విల్ పెద్దలచేత చీవాట్లు తిన్న సైరస్‌కు బయటికి నెట్టడమంటే ఏమిటో తెలుసు. ఒక్క వారంలో అమెరికాలో 14 కోట్ల 30 లక్షల సార్లు ఆ పాట ఆన్‌లైన్‌లో మోగింది. అంతకుముందు ఏ పాటకూ ఒక వారంలో అంత లెక్క రాలేదు. కంట్రీ గాయకుడే వచ్చి పాడినా బిల్‌బోర్డ్ కంట్రీ చార్టులోకి దాన్ని తిరిగి రానివ్వలేదు. నవంబరులో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ మాత్రం ఆ జంటకు ఒక అవార్డు ఇచ్చింది. 2020 జనవరిలో గ్రామీ పాప్ విభాగంలో బహుమతి ఇచ్చింది. ఒకే పాట ఒక సంస్థకు కంట్రీ, ఇంకోదానికి పాప్, మూడోదానికి ర్యాప్. కౌబాయ్ దుస్తులకు పేరుపడ్డ జీన్స్ కంపెనీ ర్యాంగ్లర్ పాటలో తన పేరు ఉందని మురిసి అతని పేరుతో దుస్తులు అమ్మితే, కొందరు పాత కొనుగోలుదారులు అలిగారు. వాళ్ల అలక సంగీతం గురించి కాదని చెప్పనక్కర్లేదు. అమెరికా పశ్చిమాన పశువులు తోలినవాళ్లలో నల్లవాళ్లు వేలమంది ఉన్నారన్న సంగతి హాలీవుడ్ సినిమాలు వాళ్లకు చెప్పలేదు.

ఆ పాట ఇంకా మొదటి స్థానంలో ఉండగానే, 2019 జూన్ 30న, తాను స్వలింగ ప్రేమికుణ్ణని అతను బయటపెట్టాడు. అప్పుడు గట్టు ర్యాప్ వైపు కూడా ఉందని తేలింది. మగటిమి చాటడాన్నే కొలమానంగా పెట్టుకున్న ర్యాప్ లోకంలో కొందరు పెద్దలు మొహం చిట్లించారు, కొందరు అతను ర్యాపరే కాదన్నారు. అదే నెల వచ్చిన ‘7’ అనే చిన్న ఆల్బమ్‌లో రాక్ గిటార్లున్నాయి. ‘పనీనీ’ బాణీ నిర్వాణా బృందం పాటను పోలి ఉంది కనుక రచయితల్లో కర్ట్ కొబేన్ పేరూ ఉంది. 2021లో ‘మాంటెరో’ పాట నేరుగా మొదటి స్థానంలో దిగింది, ‘ఇండస్ట్రీ బేబీ’ కూడా అక్కడికే చేరింది, ఆ సెప్టెంబరు ఆల్బమ్‌లో ఒక పాటకు ఎల్టన్ జాన్ పియానో వాయించాడు. ఆ తర్వాత వేగం తగ్గింది. 2024 నాటి పాట అంతగా ఆడలేదు. ఒక్క పాట మనిషని తీసిపారేసేవాళ్ల లెక్క తప్పు, మూడు మొదటి స్థానాలు దానికి జవాబు. అతన్ని గొప్ప గాయకుడని గానీ, ర్యాప్ అల్లికలో దిట్ట అని గానీ నేను అనను. గొంతు పరిధి చిన్నది, మాటల్లో లోతుకన్నా చమత్కారం ఎక్కువ. వ్యాపారం నడిచే తీరును అతనంత సూటిగా చదివినవాళ్లు మాత్రం ఆ తరంలో తక్కువ.

అయిదేళ్ల తర్వాత అదే రికార్డును మరొకరు సమం చేశారు. వర్జీనియాలో నైజీరియా తల్లిదండ్రులకు పుట్టిన షబూజీ 2024లో పాడిన ‘ఎ బార్ సాంగ్’ హాట్ 100లో 19 వారాలు మొదటి స్థానంలో ఉంది. 2004 నాటి ఒక ర్యాప్ పాటను తిరగరాసి అల్లిన పాట అది. ఈసారి కంట్రీ చార్టునుంచి ఎవరూ తీయలేదు; కంట్రీ రేడియో కూడా మొదటి స్థానం దాకా మోగించింది. అతనికి ముందు కంట్రీ చార్టు మొదటి స్థానంలో ఉన్నది బియాన్సే. తన ఆల్బమ్‌లో లిండా మార్టెల్ గొంతు వినిపించిన బియాన్సేకు ఆ ఏడు కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఒక్క నామినేషన్ కూడా ఇవ్వలేదు, షబూజీకి ఇచ్చింది. ఇదంతా 2019 గొడవ ఫలితమేనని అనడానికి ఆధారం చాలదు గానీ, అలాంటి పాటను మళ్లీ చేత్తో తీసేయడానికి బిల్‌బోర్డ్ సాహసించలేదన్నది కనిపిస్తూనే ఉంది. 2016లో బియాన్సే పాట ‘డాడీ లెసన్స్’ను కంట్రీ విభాగానికి పనికిరాదని తిప్పికొట్టిన గ్రామీ సంస్థ, 2025 ఫిబ్రవరిలో అదే విభాగంలో ఉత్తమ ఆల్బమ్ బహుమతి ఆమెకే ఇచ్చింది. నాలుగు నెలలు తిరిగేసరికి, జూన్‌లో, ఆ బహుమతిని రెండుగా చీల్చింది: ఇకమీదట ‘సమకాలీన’ కంట్రీ ఆల్బమ్‌కు ఒకటి, ‘సంప్రదాయ’ కంట్రీ ఆల్బమ్‌కు ఇంకొకటి. చాలాకాలంగా అడుగుతున్న మార్పేనని సంస్థ చెప్పింది. వచ్చిన ఆల్బమ్ ఏ గడిలోకి పోవాలో పరిశీలించి తేల్చేది ఎప్పటిలాగే ఒక కమిటీ.